ఒక క్యాబా, రెండు క్యాబులా? డబ్ల్యూడీపీ-4బి, డబ్ల్యూడీపీ-4డి ఇంజన్లలో ఏది మేలు?

డీజిల్ ఇంజన్ల రూపురేఖల గురించి రైలు అభిమానులు చేసుకునే వాదాల్లో డబ్ల్యూడీపీ-4డి ప్రస్తావన వచ్చిందంటే చర్చ వేడెక్కక మానదు. అప్పటివరకు వారికి అలవాటైన ఈఎండీ (అమెరికా కంపెనీ) ఇంజనుకు ఒక చివర క్యాబు, అంటే లోకో పైలట్ గది, దాని వెనుక పక్కబాటలతో సాగిపోయే సన్నని పొడవాటి హుడ్, అంటే యంత్రాలను కప్పే పెట్టె, ఉండేవి. 4డిలో ఆ హుడ్‌కు రెండో చివరన మరో క్యాబు వచ్చి చేరింది. దానిని చూసి ఇంజను తీరే చెడిపోయిందన్నవారు కొందరు, లోకో పైలట్లకు ఇన్నాళ్లకు కళ్లు వచ్చాయన్నవారు మరికొందరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది కానీ, రెండు నిజాలకూ ఒకే బరువు లేదు.

పోల్చడానికి 4బి, 4డిలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ వారి ఈఎండీ విభాగం నుంచి మన రైల్వే 1999లో సరుకు బండ్ల కోసం డబ్ల్యూడీజీ-4ను, 2001లో ప్రయాణికుల బండ్ల కోసం డబ్ల్యూడీపీ-4ను తెప్పించుకుని, ఆ తరువాత వాటిని వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో, అంటే నేటి బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌లో, తయారు చేయించింది. మొదటి డబ్ల్యూడీపీ-4 శక్తి 4000 అశ్వశక్తి. దాని ఆరు ఇరుసుల్లో నాలుగింటికే మోటార్లు ఉండటం వల్ల బరువైన బండిని కదిలించేటప్పుడు చక్రాలు జారుతున్నాయన్న ఫిర్యాదు ఉండేది. 4బిలో ఆరు ఇరుసులకూ మోటార్లు అమర్చి, శక్తిని 4500 అశ్వశక్తికి పెంచారు. 4డి శక్తి కూడా అంతే, దాని లోపలి డీజిల్ యంత్రం కూడా అదే పదహారు సిలిండర్ల 710 శ్రేణిది. కనుక ఈ రెండింటినీ పక్కపక్కన నిలిపితే కనిపించే ముఖ్యమైన తేడా క్యాబే. శక్తిలో తేడా ఉన్న ఇంజన్లను పోల్చేటప్పుడు వచ్చే గందరగోళం ఇక్కడ ఉండదు.

ఒకే క్యాబు ఉన్న ఇంజను, క్యాబు ముందుండే పొట్టి హుడ్ (పొట్టి ముక్కు) ముందుండేలా నడిస్తే ఏ చిక్కూ లేదు. చిక్కంతా పొడవు హుడ్ ముందుండేలా నడిచినప్పుడే వస్తుంది. అభిమానులు దీనినే పొడి అక్షరాల్లో ఎల్‌హెచ్‌ఎఫ్ (లాంగ్ హుడ్ ఫార్వర్డ్) అంటారు. అప్పుడు లోకో పైలట్ కూర్చునేది బండికి దగ్గరగా ఉన్న చివరన. ఆయన కళ్లకూ పట్టాలకూ మధ్య ఇంజను పొడవంతా అడ్డు నిలుస్తుంది. మన దేశంలో లోకో పైలట్ ఎడమ వైపు కూర్చుంటారు, సిగ్నళ్లు సాధారణంగా ఎడమ వైపే ఉంటాయి గనుక తిన్నని దారిలో ఏదో విధంగా పని జరుగుతుంది. దారి కుడి వైపుకు వంపు తిరిగిందంటే మాత్రం ముందున్న పట్టాలు, సిగ్నలు, లెవెల్ క్రాసింగు అన్నీ హుడ్ చాటుకు పోతాయి. అప్పుడు కుడి పక్కనున్న అసిస్టెంట్ లోకో పైలట్ చూసి చెప్పిందే ఆధారం. సిగ్నలు రంగును ఇద్దరూ బిగ్గరగా చెప్పుకోవాలన్న నియమం ఎలాగూ ఉంది. కానీ చూసింది సరిచూసుకోవడానికి చెప్పుకోవడం వేరు, ఒకరికి అసలు కనబడక రెండోవారి మాట మీద ఆధారపడటం వేరు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి సెకనుకు ముప్పై మీటర్లు దాటుతుంది. ఆ మాట ఒక్క సెకను ఆలస్యంగా చెవిన పడినా ఒకటిన్నర పెట్టె పొడవు దాకా దూరం కరిగిపోయినట్టే.

అయితే ఈ ఏర్పాటును ఎవరూ తెలివితక్కువతో చేయలేదు. 1962 నుంచి మన పట్టాల మీద ఏలిన, ఆల్కో అనే మరో అమెరికా కంపెనీ వారి డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2 కూడా ఒకే క్యాబుదే. ఒకే గదిలో రెండు వైపులకూ నడిపేందుకు రెండు కంట్రోల్ స్టాండ్లు ఉండేవి. దశాబ్దాల పాటు వేలాది సిబ్బంది దానిని రెండు దిశల్లోనూ నడిపారు. అమెరికాలోనైతే నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్, సదరన్ అనే రెండు పెద్ద రైలు కంపెనీలు పొడవు హుడ్‌నే ముందు భాగంగా కోరి మరీ ఇంజన్లు చేయించుకున్నాయి. ఎదురుగా ఏదైనా గుద్దుకుంటే సిబ్బందికి ముందు అంత ఇనుము కవచంలా ఉంటుందన్నది వారి తర్కంలో ఒక భాగం. ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలరు వెనుక నిలబడి దారి చూసిన తరానికి హుడ్ వెనుక కూర్చోవడం వింతగా తోచలేదు కూడా. ఆల్కో అభిమానులు ఈ వాదాన్నే నేటికీ వినిపిస్తారు, అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఆ కంపెనీల లెక్కలో ముఖ్యమైనవి సరుకు బండ్లు. మన మెయిలు, ఎక్స్‌ప్రెస్ బండ్ల వేగానికి, కంచెలు లేని మన దారులకు, పట్టాల మీదుగా అడ్డం నడిచే మన జనానికి ఆ తర్కం సగమే సరిపోతుంది. ఢీకొన్నాక కాపాడే ఏర్పాటు కన్నా ముందే చూసి బ్రేకు వేయగల ఏర్పాటు మేలని నా అభిప్రాయం.

క్యాబును సవరించే ప్రయత్నం మన దగ్గర 4డితోనే మొదలైనదీ కాదు. డబ్ల్యూడీఎం-2లలో కొన్నింటికి పొట్టి హుడ్‌ను ఇంజను పూర్తి వెడల్పుకు తెచ్చి, పెద్ద కిటికీలు పెట్టారు. వాటిని అభిమానులు జంబోలు అంటారు. అవి కొద్ది సంఖ్యలోనే ఆగిపోయాయి. అందులోనూ మారింది పొట్టి హుడ్ వైపే. పొడవు హుడ్ వైపు నుంచి చూపు ఎప్పటిలాగే మిగిలిపోయింది.

ఒకే క్యాబు ఇంజనుతో మరో తలనొప్పి ఉంది, అది ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసేవారికి కనిపించదు. గమ్యం చేరాక ఇంజను ముఖం తిప్పాలంటే టర్న్‌టేబుల్ గానీ, మూడు దారులు త్రిభుజంగా కలిసే చోటు గానీ కావాలి. అవి లేని చోట రెండే దారులు: పొడవు హుడ్ ముందుంచి తిరిగి రావడం, లేదా రెండు ఇంజన్లను వీపు వీపు కలిపి జతగా పంపడం. జతగా పంపితే ఏ దిశలోనైనా ఒక క్యాబు ముందే ఉంటుంది. కానీ ఒక ఇంజను లాగగల ప్రయాణికుల బండికి రెండు ఇంజన్లు కట్టబెట్టినట్టవుతుంది. జత ఇంజన్లను చూసి కెమెరాలు ఎత్తే మనవాళ్లకు పండగే కానీ, షెడ్డు లెక్కల్లో అది దుబారా.

విద్యుత్ ఇంజన్ల విషయంలో ఈ ప్రశ్నే తలెత్తదు. హౌరా వైపు నుంచి విజయవాడ వైపు పోయే బండి విశాఖపట్నం స్టేషనులోకి వచ్చిందంటే దిశ మార్చుకునే బయలుదేరాలి. అక్కడ కట్టే డబ్ల్యూఏపీ-4కు గానీ, డబ్ల్యూఏపీ-7కు గానీ రెండు చివరలా క్యాబులు ఉన్నాయి గనుక ఏ చివర ముందుందని ఎవరూ ఆలోచించరు. అదే కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, కర్నూలు, డోన్, గుత్తి మీదుగా బెంగళూరు పోయే మార్గంలో చాలాకాలం డీజిలుదే రాజ్యం. ఆ దారిలో బండి ఎక్కే ముందు ఇంజను ముఖం ఎటుందో చూసుకోవడం అభిమానులకు అలవాటైన పనిగా ఉండేది. పొడవు హుడ్ ముందుంటే కొందరికి ముచ్చటగా, నాలాంటివారికి కొంచెం దిగులుగా ఉండేది.

ఇక 4డి మీద వచ్చిన విమర్శలు. మొదటిది అందం గురించినది. 4బిని పక్క నుంచి చూస్తే కంటికి ఒక ఒరవడి తెలుస్తుంది: ముక్కు, క్యాబు, ఆపై హుడ్ మీద వరుసగా గ్రిడ్లు, పొగగొట్టం, చివర ఫ్యాన్లు. 4డిలో ఆ వరుస చివర అకస్మాత్తుగా గోడ లేచినట్టు రెండో క్యాబు నిలబడుతుంది. కట్టిన ఇంటికి తరువాత అవసరం పడి వేసుకున్న వసారాలా అది అతికించినట్టే ఉంటుంది, ఈ మాట ఒప్పుకోవాల్సిందే. పొడవు హుడ్ ముందుకు తోసుకుంటూ వచ్చే ఇంజను దృశ్యంలో ఒక రౌద్రం ఉంటుంది, 4డి వల్ల ఆ దృశ్యం పోయిందన్నది వీడియోలు తీసేవారి బాధ. బాధ నిజమే గానీ ఇంజను మేలు కీడులు నిర్ణయించడానికి అది చాలదు.

రెండో విమర్శ బరువైనది, దానిని అందం గొడవతో కలిపి తోసిపుచ్చడం అన్యాయం. ఈ ఇంజను మూల రూపంలో పొడవు హుడ్ చివర మనుషుల కోసం ఉద్దేశించినది కాదు. అక్కడ ఇంజను నీటిని చల్లార్చే రేడియేటర్లు, వాటి మీద పెద్ద ఫ్యాన్లు, గాలి బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు ఉంటాయి. సరిగ్గా వాటి పక్కనే రెండో క్యాబును కూర్చోబెట్టారు. మండువేసవిలో రాయలసీమ ఎండకు తోడు రేడియేటరు వేడి, ఫ్యాన్ల హోరు, కంప్రెసరు దడదడ కలిస్తే ఆ గదిలో గంటల తరబడి కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మొదటి క్యాబులో కూర్చున్నవారికి డీజిల్ యంత్రానికీ తమకూ మధ్య విద్యుత్ పరికరాల గదులు అడ్డుగా ఉంటాయి. రెండో క్యాబుకు ఆ భాగ్యం లేదు. పైగా ఒక క్యాబు నుంచి మరో క్యాబుకు మారాలంటే బండి ఆగాక బయటి పక్కబాట మీదుగా నడిచి పోవాలి. వానలో అది సుఖం కాదు.

మూడోది షెడ్డు వారి గోడు. కంట్రోల్ డెస్కు, బ్రేకు మీటలు, మీటర్లు, తెరలు, హారన్లు అన్నీ రెండేసి అవుతాయి. వాటి మధ్య ఇంజను పొడవునా తీగలూ గొట్టాలూ సాగుతాయి. చెడిపోయే అవకాశం ఉన్న వస్తువు ఎక్కువైతే తనిఖీ కూడా ఎక్కువవుతుంది. దీని మీద అభిమానులు అంతగా మాట్లాడరు.

ఇవన్నీ తూచిన తరువాత కూడా ప్రయాణికుల బండికి, అందులోనూ ఒంటరి ఇంజనుతో నడిచే బండికి, నా ఓటు 4డికే. రెండో క్యాబులో వేడి, చప్పుడు ఉన్నమాట నిజమే. కానీ వాటిని ఏసీతో, చప్పుడు ఆపే పొరలతో, మంచి కుర్చీతో తగ్గించే మార్గాలున్నాయి. హుడ్ చాటున పోయిన సిగ్నలును చూపించే మార్గం మరో క్యాబు తప్ప లేదు. 4బి పక్షాన వాదించేవారు కెమెరాలు పెట్టవచ్చు కదా అంటారు. పొగమంచులో, దుమ్ములో, వానలో కెమెరా గాజును నమ్ముకోవడం కన్నా వైపర్లున్న అద్దం వెనుక కూర్చున్న మనిషిని నమ్ముకోవడమే నాకు నచ్చుతుంది.

సరుకు బండ్ల దగ్గరకొస్తే తీర్పు తిరగబడుతుంది. బరువు వల్ల అక్కడ రెండు ఇంజన్లు ఎలాగూ కావాలి, వాటిని వీపు వీపు కలిపితే రెండు దిశలకూ క్యాబు దొరుకుతుంది. అలాంటి జతలో లోపలి వైపు మరో రెండు క్యాబులు పెడితే అవి ఖాళీగా ఊరేగడమే. కనుక సరుకు జతలకు ఒకే క్యాబు డబ్ల్యూడీజీ-4 చాలు. దానికి రెండో క్యాబు కావాలనడం 4డి మీది మోజే తప్ప అవసరం కాదు.

బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా విద్యుదీకరణ పూర్తయ్యాక ఈ ఇంజన్లకు పని తగ్గింది. ఇప్పుడు అభిమానుల చర్చ ఏది భద్రపరచాలన్న వైపు మళ్లింది. మొదటి డబ్ల్యూడీఎం-2లలో ఒకటైన 18040 ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది. అలాగే ఈఎండీల్లో ఒకదానిని నిలపాలంటే చాలామంది అందం చూసి ఒంటి క్యాబు ఇంజనునే కోరుతున్నారు. నేనైతే 4డిని కోరతాను. దాని మొదటి క్యాబులో ఈఎండీ వారు ఇచ్చిన ఇంజను యథాతథంగా ఉంది, రెండో క్యాబులో మన రైల్వే దానికి చేసుకున్న సవరణ ఉంది. చూడవచ్చినవారిని రెండింటిలోనూ కూర్చోనిస్తే, అద్దంలోంచి ఏం కనబడుతుందో, వెనుక గోడ అవతల ఏముందో వారే తెలుసుకుంటారు.