ల్యాప్‌టాప్‌కి విడి కీ సెట్: రెండేళ్లు వాడాక

విరిగిన 'ఎస్' కీ స్థానంలో పెట్టిన విడి సెట్‌కి రెండేళ్లు నిండాయి. రోజంతా టైపింగే అయినా ఇంకా ఊడలేదు. సెట్‌లో వచ్చేవి మూడు: అక్షరం ఉన్న క్యాప్, దాని కింద కత్తెరలా మడతపడే ప్లాస్టిక్ క్లిప్, మధ్యలో రబ్బరు కప్పు. మెచ్చుకున్నా తిట్టుకున్నా క్లిప్‌నే.

ల్యాప్‌టాప్ మోడల్ నంబరు ఒక్కటే చూసి తెప్పిస్తే తప్పు సెట్ రావచ్చు. ఒకే మోడల్‌కి వేర్వేరు తయారీదార్ల కీబోర్డులు బిగిస్తుంటారు. క్యాపులు కవలల్లా ఉంటాయి, క్లిప్ పిన్నులు మాత్రం కలవవు. కాబట్టి కీ ఊడిన చోట రేకు మీద కొక్కేలు ఎన్ని ఉన్నాయో, ఎటు తిరిగి ఉన్నాయో దగ్గర నుంచి ఫొటో తీసి, అమ్మేవాళ్లు పెట్టిన బొమ్మతో పోల్చుకోవాలి. క్లిప్ బొమ్మ పెట్టని చోట కొనకపోవడమే నయం.

కొనే ముందు రబ్బరు కప్పును వేలితో నొక్కి చూడండి. అక్షరం పడితే దాని కింద, కీ నొక్కుడును పసిగట్టే పలుచని పొర బాగున్నట్టే. పడకపోతే, దానితోపాటు ఇంకో రెండు మూడు కీలు కూడా మూగబోతే, పొరలోని కరెంటు పారే గీత ఎక్కడో తెగి ఉండొచ్చు. అప్పుడు సెట్ దండగ, కీబోర్డు మొత్తం మార్చాల్సిందే. రేకు మీది కొక్కెం విరిగినా అంతే. వంగితే మాత్రం పట్టకారుతో మెల్లగా లేపొచ్చు, అదీ ఒక్కసారే. అటూ ఇటూ వంచితే పుటుక్కున తెగుతుంది.

బిగించే ముందు ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి చార్జర్ తీసేయాలి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, పిండి, రేకు తుడిచి ఆరనివ్వాలి. క్లిప్‌ను కొక్కేల్లోకి ఎక్కించాక పట్టకారుతో కొస పట్టుకుని లేపి చూడండి. రెండు పక్కలా సమంగా లేచి, వదిలితే చదునుగా పడుకోవాలి. ఒక పక్కకి వాలిందంటే ఏదో పిన్ను కొక్కెంలోకి పోలేదు. చూసుకోకుండా పైన క్యాప్ పెట్టి బొటనవేలితో అదిమితే విరిగేది ఆ పిన్నే. ఆవగింజంత ఉండదు, అది పోతే క్లిప్ పోయినట్టే. అంతా కుదిరితే క్యాప్ మూలలు నొక్కుతుంటే టక్ టక్‌మని పట్టుకుంటాయి.

కప్పు కూడా ఊడితే సూపర్ గ్లూ జోలికి పోవద్దు. సిలికాన్‌కి సరిగా అంటదు, ఆరాక గట్టిపడుతుంది, చుట్టూ తెల్లటి పొర వదులుతుంది. సాగే గుణమున్న సిలికాన్ జిగురును సూదిమొనతో కప్పు అంచుకే రాసి రాత్రంతా వదిలేయాలి. జిగురు మధ్యలో రేకు రంధ్రంలోకి జారితే కీ నొక్కినా పనిచేయదు.

ఇక లోపాలు. మొదటి రెండు మూడు వారాలు పక్క కీల కంటే బిగువుగా తగిలింది, తర్వాత కలిసిపోయింది. క్యాప్ పక్కలకి కొంచెం ఊగుతుంది, కంటికి తెలుస్తుంది కానీ టైపింగ్‌లో తెలియదు. పాత కీలు అరిగి నిగనిగలాడుతుంటే ఇదొక్కటే గరుకుగా కొత్తగా ఉండి, నోట్లో కట్టుడు పన్నులా కనిపిస్తుంది.

స్పేస్‌బార్, ఎంటర్ లాంటి పెద్ద కీలకి కింద ఇనుప తీగ ఉంటుంది. ముందు తీగ కొసలు కొక్కేల్లో దూరాలి, ఆ తర్వాతే క్లిప్. తీగ తప్పితే కీ ఒక చివర కుంగి గలగలమంటుంది. 2015 నుంచి 2019 దాకా కొన్ని మ్యాక్‌బుక్‌లలో వచ్చిన బటర్‌ఫ్లై కీల జోలికి మాత్రం ఇంట్లో పోను. ఆ క్లిప్ మరీ పలచన.

సెట్ వచ్చేలోగా పని ఆగకూడదంటే, అరుదుగా వాడే అక్షరం సైజు కీ క్లిప్ తీసి పెట్టుకోవచ్చు. పై వరస ఎఫ్ కీల క్లిపులు సాధారణంగా చిన్నవి, పట్టవు. విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో ఆ అక్షరాన్ని వేరే కీకి మార్చుకుంటే చాలు, దేన్నీ ఊడదీయక్కర్లేదు.