44 బెడ్లకు రాత్రి ఒక్క సిస్టర్: సర్కారు దవాఖానలో 11 రోజులు ఉండి రాస్తున్న రివ్యూ

మా నాన్నకు షుగర్ పదిహేనేళ్ళుగా ఉంది. చెప్పు కరిచిన చోట చిన్న పొక్కు వచ్చింది, ఇంట్లో పసుపు పెట్టుకుని ఎవరికీ చెప్పలేదు, మాకు తెలిసేసరికి బొటనవేలి కింద అంతా నల్లబడింది. హైదరాబాద్‌లోనే ఒక పెద్ద సర్కారు దవాఖానలో చేర్పించాం, మేల్ సర్జికల్ వార్డులో 11 రోజులు ఉన్నాం. దవాఖాన పేరు రాయడం లేదు. రాస్తే రేపు ఆ వార్డు సిస్టర్లనే పిలిచి సంజాయిషీ అడుగుతారు, నేను చెప్పబోయే లోపం వాళ్ళది కాదు.

నిజం చెప్పాలంటే మూడో రోజు రాత్రే కోపంతో ఫోన్ తీసి ఒక్క స్టార్ ఇవ్వబోయాను. రాత్రి 10 గంటలకు ఎక్కించాల్సిన యాంటీబయాటిక్ 12:40కి ఎక్కించారు. అంతకుముందు సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం వెనక్కి వచ్చింది, నేనే రోలర్ తిప్పి ఆపాను. సిస్టర్ రాగానే గట్టిగా అరిచాను, చుట్టుపక్కల బెడ్ల వాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. ఆ అమ్మాయి సిరంజి చేతిలో పట్టుకుని, "అన్నా, 21వ బెడ్ తాతకు బీపీ పడిపోయింది, ఐసీయూలో దింపి ఇప్పుడే వస్తున్న" అంది. అంతే, ఇంకో మాట లేదు. నాన్న చేయి పట్టుకుని కాన్యులా (మందు ఎక్కించే సూది గొట్టం) చుట్టూ వాపు ఉందా అని నొక్కి చూసి, మందు ఎక్కించి పక్క బెడ్‌కు పోయింది. అప్పుడు చూశాను, ఆ హాలు మొత్తానికి ఆమె ఒక్కతే ఉంది. 44 బెడ్లు, కింద పరుపులు వేసుకున్నవాళ్ళు మరో ఐదుగురు.

మర్నాడు రాత్రి నిద్రపోకుండా కూర్చుని చూశాను. 8 గంటలకు హ్యాండోవర్, అంటే దిగిపోయే సిస్టర్ ఒక్కో పేషంట్ సంగతి చెప్పి అప్పగించడం, 44 కేస్ షీట్లు. తర్వాత షుగర్ చెకింగులు, తిండికి ముందు ఇన్సులిన్‌లు. ఆ రోజు ఆపరేషన్ అయినవాళ్ళు నలుగురు, వాళ్ళకు గంట గంటకూ బీపీ, పల్స్, డ్రెయిన్‌లో (ఆపరేషన్ గాయం నుంచి నీరు, రక్తం బయటికి తీసే గొట్టం) ఎంత వచ్చింది, యూరిన్ బ్యాగ్‌లో ఎంత వచ్చింది అన్నీ రాయాలి. మధ్యలో బ్లడ్ బ్యాంక్ ఫోన్. మధ్యలో ఎమర్జెన్సీ నుంచి స్ట్రెచర్ మీద కొత్త కేసు. మందుల ఇండెంట్ రాయాలి, ఆరోగ్యశ్రీ కేసుల కాగితాలు పొద్దున్నకల్లా సిద్ధం చేయాలి. వార్డ్ బాయ్ ల్యాబ్‌కు పోతే, దుప్పటి కావాలన్నా, బెడ్‌ప్యాన్ కావాలన్నా, ఫ్యాన్ తిరగకపోయినా సిస్టర్‌నే పిలుస్తారు. నేనూ పిలిచాను. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా డ్యూటీలో ఆమె కూర్చున్నది కాగితాలు రాయడానికే. తెచ్చుకున్న డబ్బా తెల్లారుజామున 4 దాటాక తెరిచింది.

మా మరదలు బీఎస్సీ నర్సింగ్ చేసి ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో పనిచేస్తోంది. ఫోన్ చేసి అడిగితే లెక్క చెప్పింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి, వాళ్ళు మూడు షిఫ్టుల్లో పంచుకుంటారు కాబట్టి ఏ షిఫ్టు తీసుకున్నా 9 మందికి ఒకరు. సెలవులు, వీక్లీ ఆఫ్‌లు, మెటర్నిటీ లీవులు ఉంటాయి కాబట్టి పైన ఇంకో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. ఐసీయూలో అయితే ఒకరికి ఒకరు. ఈ లెక్కన మా వార్డుకు మొత్తం 15 మంది, సెలవుల కోసం కలిపితే 19 లేదా 20 మంది, రాత్రి పూట ఐదుగురు కావాలి. ఐదుగురి పని ఒక్కరు చేస్తుంటే ఇంజెక్షన్ రెండున్నర గంటలు ఆలస్యం కావడంలో వింత లేదు. పగలు ఈ లోటు అంతగా కనిపించదు, ఎందుకంటే నర్సింగ్ కాలేజీ విద్యార్థులు యూనిఫాంలో పదిమంది తిరుగుతుంటారు, టెంపరేచర్లు చూసేది, బెడ్‌షీట్లు మార్చేది వాళ్ళే. సాయంత్రం వాళ్ళు హాస్టల్‌కు వెళ్ళిపోయాక అసలు వార్డు బయటపడుతుంది.

అమెరికాలో పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో నర్సు మీద ఒక్క రోగి పెరిగినకొద్దీ, ఆపరేషన్ అయినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందని అందులో తేలింది. వాళ్ళు పోల్చింది నలుగురిని చూసే నర్సును, ఎనిమిది మందిని చూసే నర్సును. కాలిఫోర్నియాలో అయితే నర్సుకు ఎంతమంది రోగులనేది చట్టమే చేశారు, అది 2004 నుంచి అమల్లో ఉంది, మామూలు సర్జికల్ వార్డులో ఒక నర్సుకు ఐదుగురు రోగులకు మించి ఇవ్వకూడదు. ఇదంతా మా మరదలు చెప్పాక నేను వెతికి చదివాను, చదివినప్పటి నుంచీ 21వ బెడ్ తాతే గుర్తొస్తున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. ఆరో రోజు సాయంత్రం అదే సిస్టర్ డ్యూటీకి వచ్చి, నాన్న కట్టు చుట్టూ చూసి, జేబులోంచి బాల్ పెన్ తీసి చీలమండ పైన చర్మం మీద ఎర్రదనం ఎక్కడిదాకా ఉందో అక్కడ ఒక గీత గీసింది. "తాతా, దీన్ని కడగకు" అని చెప్పి పోయింది. నాకు అర్థం కాలేదు. రాత్రి ఒంటిగంటకు టార్చ్ వేసి చూసింది, ఎర్రదనం గీత దాటి రెండు వేళ్ళ మందం పైకి పాకింది. నాన్నకు జ్వరం పెద్దగా లేదు, నొప్పి కూడా లేదు, షుగర్ వాళ్ళకు కాళ్ళలో స్పర్శ తగ్గి నొప్పి తెలియదని తర్వాత చెప్పారు. ఆమె మాత్రం వెంటనే పీజీ డాక్టర్‌కు (అక్కడే పై చదువు చదువుతూ డ్యూటీ చేసే డాక్టర్) ఫోన్ చేసింది, ఆయన ఎమర్జెన్సీలో ఉన్నానంటే మళ్ళీ చేసింది, మూడోసారి చేసి "సార్, పొద్దున దాకా ఆగేది కాదు, ఒక్కసారి వచ్చి చూడండి" అంది. ఆయన వచ్చాడు, చూశాడు, యాంటీబయాటిక్ మార్చాడు, పొద్దున మొదటి కేసుగా థియేటర్‌కు తీసుకెళ్ళి చెడిన కండంతా తీసేశారు. ఒక్క వేలు పోయింది. పాదం మిగిలింది. ఇంకో రోజు ఆలస్యమైతే మోకాలి కింద దాకా తీయాల్సి వచ్చేదని యూనిట్ పెద్ద సారే రౌండ్స్‌లో అన్నారు.

ఆ పెన్ గీత గీయడం ఒక్క రోజులో రాదు. సర్జికల్ వార్డులో వందల కాళ్ళు చూసిన కంటికి వస్తుంది. ఆమె ఔట్‌సోర్సింగ్ మీద ఆ వార్డులో నాలుగో ఏడాది చేస్తోంది. ఇంకెన్నాళ్ళు ఉంటుందో ఆమెకే తెలియదు.

నాన్న ఆమెను బిడ్డా అని పిలవడం మొదలుపెట్టాక నాతో కూడా కాస్త మాట్లాడింది. జీతం నెలనెలా రాదు, ఏజెన్సీ ద్వారా రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి పడుతుంది. ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక చార్జీల టెన్షన్ ఒకటి తప్పిందట. ఉప్పల్ నుంచి వచ్చేటప్పుడు బస్సులోనే సర్కారు నర్సు ఉద్యోగాల రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్షకు చదువుకుంటుంది. 80 మార్కులు పరీక్షకు, సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు వెయిటేజీ 20 దాకా, కాబట్టి జీతం ఆలస్యమైనా వదలకుండా పట్టుకుని ఉంది. ఆమె బ్యాచ్‌లో ఇంకో అమ్మాయి అమీర్‌పేటలో జర్మన్ నేర్చుకుంటోంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి ఆ దేశాలకు పంపుతోంది. వెళ్ళేవాళ్ళను తప్పుపట్టను, అక్కడ వాళ్ళకు దొరికేది ఇక్కడ మనం ఇవ్వడం లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కూడా సరికాదు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మరో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. కానీ 2022లో 8, 2023లో 9, 2024లో 8 కొత్త సర్కారు మెడికల్ కాలేజీలు జిల్లాల్లో తెరిచారు, వాటి ఆసుపత్రులన్నిటికీ నర్సులు కావాలి. ఇంకో సంగతి నాకు వార్డులో ఉంటే తప్ప తెలిసేది కాదు. ఈ సిస్టర్ పరీక్ష పాసైతే పర్మనెంట్ అవుతుంది, చాలా సంతోషం, కానీ పోస్టింగ్ ఎక్కడొస్తుందో చెప్పలేం. రాష్ట్రం లెక్కలో ఒక నర్సు పెరుగుతుంది, ఈ వార్డులో మాత్రం కాళ్ళ పుండ్లు చూడటం తెలిసిన చేయి ఒకటి పోతుంది, ఆ చోట ఎవరో కొత్తమ్మాయి వచ్చి మొదటి నుంచి నేర్చుకోవాలి. ఖాళీలు నింపడం ఎంత ముఖ్యమో, పని నేర్చిన మనిషిని అక్కడే నిలుపుకోవడం అంత ముఖ్యం. నెలనెలా జీతం, నైట్ డ్యూటీ తర్వాత సరైన నైట్ ఆఫ్, రాత్రి వార్డు తలుపు దగ్గర ఒక సెక్యూరిటీ మనిషి, పిల్లలున్నవాళ్ళకు క్రెష్, ఆ అమ్మాయిలు అడిగేవి ఇంతకు మించి లేవు. కాగితాల పని చూసే ఒక క్లర్కును వార్డుకు ఇచ్చినా రాత్రికి రెండు మూడు గంటలు పేషంట్ల దగ్గర మిగులుతాయి, ఇది నా కళ్ళతో చూసిన లెక్క.

ప్రైవేటులో బాగుంటుందని అనుకునేవాళ్ళకు ఒక మాట. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు సర్కారు నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలని, 50 పడకల లోపు చిన్న వాటిలో కూడా 20 వేలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. మా మరదలు పనిచేసేది 200 పడకలు దాటినదే, ఆమెకు వచ్చేది సర్కారు నర్సు జీతంలో సగం కూడా కాదు. అక్కడ ఏసీ ఉంటుంది, బెల్ నొక్కితే వస్తారు, వచ్చేది మాత్రం చాలాసార్లు ఆరు నెలల అనుభవం ఉన్న అమ్మాయి.

ఇక రేటింగ్. డాక్టర్లకు 4, పీజీలు నిద్ర లేకుండా తిరుగుతున్నారు, కానీ మనకు ఒక్క నిమిషం ఆగి ఏం జరుగుతోందో చెప్పరు. బాత్రూములకు 1, రాత్రి నీళ్ళు లేవు. మందులు ఎక్కువ భాగం లోపలే ఇచ్చారు, రెండు మాత్రం బయట కొన్నాం. గేటు దగ్గర 5 రూపాయల భోజనం వేడిగా, కడుపు నిండా పెట్టారు, 11 రోజులూ అదే తిన్నాను. సిస్టర్ల పనికి 5. సిస్టర్ల సంఖ్యకు 1, అది కూడా ఒక్కరైనా ఉన్నారు కాబట్టి.

మీ వాళ్ళను చేర్పిస్తే రాత్రి పూట ఒకరు తప్పకుండా దగ్గరుండండి, కళ్ళజోడు, టార్చ్ తెచ్చుకోండి. ఏ మందు ఎన్ని గంటలకో కేస్ షీట్ చూసి చెప్పమని అడిగి ఒక కాగితం మీద రాసుకోండి, సెలైన్ సీసాలో రెండు వేళ్ళంత మిగిలినప్పుడే వెళ్ళి చెప్పండి, పూర్తిగా అయిపోయేదాకా ఆగకండి. పొద్దున 8కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 8కి హ్యాండోవర్ నడుస్తుంది, ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ అరగంట వాళ్ళను కదిలించొద్దు, అప్పుడు ఒక్క మాట తప్పిపోతే రాత్రంతా తప్పుతుంది. దుప్పటి, బెడ్‌ప్యాన్ లాంటివి మనం అందుకోగలిగితే అందుకుందాం. కోపం వస్తే సూపరింటెండెంట్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, ఏ తేదీ రాత్రి ఎన్ని బెడ్లకు ఎంతమంది నర్సులున్నారో అంకెలతో రాయండి. నేను అలాగే ఇచ్చాను, రసీదు కూడా తీసుకున్నాను. ఆ మూడో రోజు రాత్రి అరిచినందుకు సిస్టర్‌కు డిశ్చార్జ్ రోజు క్షమాపణ చెప్పాను, "ఏం కాదన్నా, అందరూ అరుస్తరు" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

నెలన్నర తర్వాత డ్రెస్సింగ్ రివ్యూకు వెళ్ళినప్పుడు నాన్న పట్టుబట్టి వార్డుకు తీసుకెళ్ళమన్నాడు. ఆ సిస్టర్ లేదు. డెస్క్ దగ్గర వేరే అమ్మాయి ఉంది, వచ్చి పదిహేను రోజులైందట, పాత సిస్టర్ ఎక్కడికి వెళ్ళిందో ఆమెకు తెలియదు. నాన్న చెప్పు విప్పి పాదం చూపించి, ఇక్కడ గీత గీసింది బిడ్డా, ఇదిగో ఇక్కడ అని చెప్పాడు. ఆ అమ్మాయి వంగి శ్రద్ధగా చూసింది. పుండు ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉంది, వచ్చే గురువారం మళ్ళీ వెళ్ళాలి.