నవలా పరంపర పాత్రలకు ఒక ఖాతా: అబ్సిడియన్

నా నవలా పరంపర మొదటి సంపుటంలో ఎడమ చెవి వినపడదని నేను రాసిన రాఘవులు అనే పాత్ర, మూడో సంపుటం చిత్తుప్రతిలో ఎడమ పక్కన కూర్చున్న మనిషి గుసగుసగా అన్న మాటకు ఉలిక్కిపడ్డాడు. ఆ పొరపాటు నా కంట పడలేదు, రాతప్రతి చదివిన స్నేహితురాలి కంట పడింది. పాత్రల వివరాలన్నీ నాకు గుర్తుంటాయన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. అప్పటి నుంచి ఏడాదిగా వాటిని అబ్సిడియన్‌లో రాసుకుంటున్నాను.

2020లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ నవలాకారుల కోసం ప్రత్యేకంగా చేసినది కాదు, నోట్స్ రాసుకోవడానికి చేసినది. మనం రాసినదంతా మన కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటుంది కాబట్టి, రేపు ఈ సాఫ్ట్‌వేర్ లేకపోయినా అవి ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటాయి. ఏళ్ల తరబడి సాగే రచనకు అది పెద్ద నిశ్చింత.

ఒక్కో పాత్రకు ఒక్కో నోట్ పెట్టుకుని, అధ్యాయాలలో ఆ పేరును జంట చదరపు బ్రాకెట్లలో రాస్తే అది లింక్ అవుతుంది. పాత్ర నోట్ తెరిచినప్పుడు, ఆ పేరు ఏయే అధ్యాయాలలో వచ్చిందో బ్యాక్‌లింక్స్‌లో కనబడుతుంది. తెలుగులో రాసేవారికి ఇక్కడ ఒక చిక్కుంది. ‘సుభద్రకు’, ‘సుభద్రతో’ వంటి చోట్ల బ్రాకెట్లను పేరు వరకే మూసి విభక్తిని బయట రాస్తే సరిపోతుంది గాని, ‘రాఘవులు’ కాస్తా ‘రాఘవులికి’ అయినప్పుడు పేరు రూపమే మారిపోతుంది. అప్పుడు బ్రాకెట్లలో అసలు పేరు రాసి, నిలువు గీత పెట్టి, ఆ తరువాత పైకి కనబడవలసిన రూపం రాయాలి. మొదట్లో విసుగు పుట్టినా, వారం రోజుల్లో చేతికి అలవాటైంది. పాత్ర పేరు మార్చాలనిపించినప్పుడు నోట్ పేరు మారిస్తే లింకులు కూడా మారతాయి. గీత తరువాత రాసిన రూపాలను మాత్రం మనమే వెతికి దిద్దుకోవాలి.

నోట్ పైభాగంలో ఒక్కో వివరాన్ని ఒక్కో గడిలో నింపుకునే ప్రాపర్టీస్‌ను 2023లో చేర్చారు. వాటిని నేను అన్నింటికన్నా ఎక్కువగా వాడుతున్నాను. ప్రతి పాత్రకూ వయసు బదులు పుట్టిన సంవత్సరం రాస్తాను, ఎందుకంటే వయసు సంపుటం సంపుటానికీ మారుతుంది. 2025లో వచ్చిన బేసెస్‌తో పాత్రలన్నిటినీ ఒకే పట్టికలో పుట్టిన ఏటి వరుసన పేర్చి చూసినప్పుడు, ఒక తల్లికీ ఆమె కొడుక్కీ మధ్య 11 ఏళ్లే తేడా ఉన్నట్టు బయటపడింది. నోట్లను చుక్కలుగా, లింకులను గీతలుగా చూపే గ్రాఫ్ వ్యూ ముచ్చటగానే ఉంటుంది గాని, పాత్రలు 40 దాటాక చిక్కుపడిన దారపు ఉండలా కనబడడంతో దాన్ని తెరవడం మానేశాను.

ఏ వివరాన్ని మొదట ఎక్కడ రాశామో ఇది తనంతట తాను చెప్పదు. మనం లింక్ చేసినది రాఘవులి పేరును గాని, అతని చెవిని కాదు. అందుకే ‘ఎడమ చెవి వినపడదు’ అన్న మాట పక్కన ‘1వ సంపుటం, 4వ అధ్యాయం’ అని నేనే రాసుకుంటాను. అచ్చయిన వివరాలనూ, ఇంకా ఊహలోనే ఉన్న వివరాలనూ వేరు శీర్షికల కింద పెట్టడం కూడా మన పనే.

రెండు సంపుటాలను తిరిగి చదివి ఈ నోట్లన్నీ నింపడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఒకే నవలతో ముగించేవారికి ఇంత ఏర్పాటు అక్కరలేదు. రెండో సంపుటం మొదలుపెట్టబోతున్నవారు మాత్రం, మొదటిది ఇంకా గుర్తుండగానే ఈ పని చేసుకోవాలని నా సలహా.