తాతల నాటి టేకు సామాను: లక్క పాలిషా, మెలమైనా, పీయూనా?

ఊళ్లో ఇల్లు పంపకాలయ్యాక మన వాటాకు వచ్చిన పందిరి మంచమో, భోషాణమో, పడక కుర్చీయో ఎలాగో అపార్ట్‌మెంట్‌లోకి ఎక్కిస్తాం. ఆ తర్వాత ఇంట్లో మొదలయ్యే మొదటి వాదన పాలిష్ గురించే. పాలిష్ పనివాళ్లను పిలిస్తే ఇప్పుడు దాదాపు అందరిదీ ఒకటే మాట: "పీయూ కొట్టేద్దాం సార్, అద్దంలా ఉంటది, మళ్లీ ముట్టుకోనక్కర్లేదు." పీయూ అంటే పాలీయూరిథేన్, ప్లాస్టిక్‌లా గట్టిపడే పూత. కాస్త తక్కువలో అయిపోవాలంటే మెలమైన్ అంటారు. లక్క పాలిష్, అదే ఫ్రెంచ్ పాలిష్ అడిగితే, "అదెవరు చేస్తున్నారు సార్ ఇప్పుడు" అని నవ్వేస్తారు.

కొత్తగా చేయించిన వార్డ్‌రోబ్‌కైతే ఆ సలహాతో నాకు పేచీ లేదు. చేతిపనితో తయారైన పాత వస్తువు విషయంలో మాత్రం నేను ముందు రెండు సంగతులు అడుగుతాను. రేపు పూత ఒకచోట దెబ్బతింటే అక్కడి వరకే బాగుచేసుకోగలమా? నచ్చకపోతే చెక్క అరగకుండా ఆ పూతను తీసేయగలమా? ఈ రెండింటికీ నిక్కచ్చిగా అవునని చెప్పగలిగేది లక్క ఒక్కటే. అలాగని ఇంట్లో ఉన్న ప్రతిదానికీ అదే పూయమనను. భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి నా ఓటు మారుతుంది.

ఏం పూయాలో తేల్చుకునే ముందు ఇప్పుడున్న పూత ఏమిటో తెలియాలి. కాళ్ల లోపలివైపో, మూత అడుగునో, ఎవరి కంటా పడని చోట స్పిరిట్‌లో (పాలిష్ పనికి వాడే ఆల్కహాల్) ముంచిన దూదితో కాసేపు రుద్దండి. జిగటగా మారి దూదికి గోధుమరంగు అంటుకుంటే అది లక్కే. స్పిరిట్‌కు కదలక, థిన్నర్‌కు మెత్తబడితే ఏదో లాకర్ రకం పూత అనుకోవచ్చు. రెండింటికీ చలించకపోతే ఎవరో మధ్యలో పీయూ లాంటిది వేయించారని అర్థం. ఇరుగుడు (రోజ్‌వుడ్) చేవతో చేసిన వస్తువైతే మాత్రం తొందరపడి తేల్చేయకండి. ఆ చెక్కలోని రంగే స్పిరిట్‌కు కారుతుంది, అది చూసి పూత అనుకుంటాం.

చాలాసార్లు ఈ పరీక్షతోనే సగం సమస్య తీరిపోతుంది. లక్క ఉండి, పైన మురికి పట్టి నల్లబడిందంటే దాన్ని గీకించాల్సిన పనే లేదు. తడి పిండేసిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, మెత్తటి స్టీల్ ఊల్‌తో (సన్నటి ఉక్కు పీచు) మైనం రుద్ది చూడండి. మురికి కింద పాలిష్ పదిలంగానే ఉంటుంది. పనివాడికి ఇందులో పెద్ద గిట్టుబాటు ఉండదు కాబట్టి ఈ మాట అతని నోట రాదు.

లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే జిగురు. మన దేశంలో ఎక్కువగా వచ్చేది జార్ఖండ్ నుంచి. దాన్ని కరిగించి, వడకట్టి, పలచని రేకులుగా సాగదీసి విరిస్తే చపడా అవుతుంది. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదీ ఇదే. అక్కడ తరిమెన (లేత్) మీద తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికి అది కరిగి పట్టుకుంటుంది. మంచాలకూ బీరువాలకూ అయితే స్పిరిట్‌లో కరిగిస్తారు. లీటరు స్పిరిట్‌కు 200 గ్రాముల చపడా లెక్కన రాత్రి వేసి, మధ్యమధ్యలో కదుపుతూ, తెల్లారాక పలచటి గుడ్డలో వడకట్టుకోవాలి. గాజు సీసాలోనే ఉంచాలి, ఇనుప డబ్బాలో పోస్తే రంగు నల్లబడుతుంది. సీసా మీద తేదీ కూడా రాసుకోండి. కలిపి నెలల తరబడి నిలవుంచినది పూస్తే ఎంతకీ ఆరక జిగురుగా ఉండిపోతుంది.

ఇక పూసే పద్ధతి. దూది ఉండను ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్కలో చుడతారు. అడుగున ఒక్క మడత కూడా ఉండకూడదు, ఉంటే ప్రతి పట్టుకూ గీత పడుతుంది. గుడ్డ విప్పి దూదికి పాలిష్ తాగించి, మళ్లీ చుట్టి, అడుగున ఒక చుక్క నూనె రాస్తారు. ముందు సున్నాలు చుట్టినట్టు, తర్వాత ఎనిమిది అంకె వేసినట్టు, చివరికి చెక్క చారల వెంబడి చెయ్యి తిరుగుతూనే ఉండాలి. ఎక్కడైనా ఆగిందా, కింద మెత్తబడి ఉన్న పూత ఉండకు అంటుకుని లేచి వస్తుంది, గుడ్డ నేత అచ్చు పడిపోతుంది. రోజుకు కాసిని పట్లు వేసి ఆరనివ్వడం, మర్నాడు మళ్లీ మొదలుపెట్టడం. పెద్ద బీరువా అయితే వారాలు పడుతుంది. లక్క పాలిష్ ఖరీదంతా ఆ చేతి కూలీయే. ముసురు పట్టిన రోజుల్లో అసలు మొదలుపెట్టనివ్వకండి, గాలిలోని తేమకు పూత తెల్లగా మసకబారుతుంది.

దీని బలహీనతలు దాచేవి కావు. పొగలు కక్కే కాఫీ గ్లాసు పెడితే తెల్లటి గుండ్రం పడుతుంది. పూలకుండీ అడుగున నీళ్లు నిలిచినా అంతే. సోడా కలిసిన క్లీనర్లు పడవు. కరోనా రోజుల్లో పాత టీపాయ్‌ల మీద శానిటైజర్ సీసా పెట్టుకున్నవాళ్లకు అది కారిన చోటల్లా పాలిష్ లేచిపోయింది, అందులో ఉన్నదీ ఆల్కహాలే మరి. కానీ స్పిరిట్‌కు కరిగిపోయే ఆ గుణమే మనల్ని కాపాడుతుంది. కొత్తగా పూసిన లక్క పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది, అతుకు కనిపించదు. తెల్ల గుండ్రం మీద స్పిరిట్ తడి తగిలీ తగలనట్టున్న ఉండను రెండుసార్లు విసురుగా లాగితే చాలావరకు మాయమవుతుంది. మరో యాభై ఏళ్లకు మన మనవలకు ఇది నచ్చకపోయినా స్పిరిట్‌తో కడిగేసుకుంటారు, చెక్క ఒక్క పొర కూడా పోదు.

మెలమైన్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. కేటలిస్ట్ కలిపాక గట్టిపడే పూత అది, చవక, త్వరగా అయిపోతుంది. ఫార్మాల్డిహైడ్ ఘాటు కొన్నాళ్లపాటు ఇంట్లో కళ్లు మండిస్తుంది. పెళుసు కాబట్టి అంచుల దగ్గర దెబ్బ తగిలితే తెల్లగా పెచ్చు లేస్తుంది. పాత సామానులో ఉండే వెడల్పాటి పలకలు ఎండాకాలం కుంచించుకుని వానాకాలం ఉబ్బుతుంటాయి, ఆ కదలికకు ఇది తట్టుకోలేదు. పీయూ అంత గట్టిదీ కాదు, లక్కలా అతుకు కనబడకుండా కలిసిపోయేదీ కాదు. పాత వస్తువు వరకు ఇది రెంటికీ చెడ్డ రేవడి.

పీయూ అలా తీసిపారేయాల్సింది కాదు. రెండు డబ్బాలు కలిపి కొన్ని గంటల్లోపు వాడేసే రకమైతే మరీ గట్టిది. వేడి గిన్నె, నీళ్లు, చారు, శానిటైజర్ వేటికీ అంత తేలిగ్గా లొంగదు. రోజూ నలుగురు తినే బల్లకు అంతకంటే ఏం కావాలి? గొడవంతా దాన్ని వేసే ముందు చేసే పనితో. పాత మైనం, మురికి, లక్క ఏ కాస్త మిగిలినా పీయూ సరిగ్గా అంటదు, గుంటలు పడుతుంది. అందుకని మెషిన్‌తో తెల్ల చెక్క బయటపడేదాకా రుద్దేస్తారు. మా బంధువుల ఇంట్లో ఒక పందిరి మంచం ఇలాగే అయింది. తరిమెన పట్టిన మంచం కోళ్ల మీది గాడుల అంచులు అరిగి గుండ్రబడ్డాయి. తల వైపు పలక మీద చెక్కిన చిలకల ముక్కులు మొద్దుబారాయి. వడ్రంగి బాడిశ, చిత్రిక వదిలిన సన్నటి పల్లాలు పక్కనుంచి వెలుతురు పడితే కనిపించేవి, అవి సున్నా. ఇప్పుడా మంచం బాగా మెరుస్తుంది. షోరూంలో కొత్తగా కొన్నదనుకుంటారు వచ్చినవాళ్లు.

అలా పోయిన చెక్క మామూలుది కాదు. రంగూన్‌తో రాకపోకలు సాగిన రోజుల్లో, 1942లో ఆ ఊరు జపాన్ సైన్యం చేతికి పోకముందు, ఓడల్లో దిగిన బర్మా టేకు సామాను కోస్తా ఇళ్లలో ఇంకా ఉంది. గోదావరి మీద తెప్పలుగా కట్టి రాజమండ్రికి దింపిన టేకుతో చేసినదీ ఉంది. దశాబ్దాల వెలుతురుకు, చేతుల రాపిడికి పైపొరకు వచ్చిన ఆ తేనెరంగు ఎమరీ పేపర్ తగిలితే పోతుంది. తర్వాత స్టెయిన్ ఎంత పూసినా అది పైన రాసిన రంగులాగే తెలిసిపోతుంది.

ఇంకో మాట. రెండు డబ్బాల పీయూ గట్టిపడేందుకు కలిపే ద్రావణంలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు ఆ తుంపర పీల్చితే ఆస్తమా రావచ్చు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని మన హాల్లోనే కొట్టేస్తామంటే ఒప్పుకోకండి, వాళ్ల కోసం కూడా.

నూనె, మైనం సంగతేమిటని అడుగుతారు. మైనం మంచిదే, లక్క మీద పైపూతగా. ఉడికించిన అవిసె నూనె పలచగా రాసి తుడిచేస్తే టేకుకు నిండుతనం వస్తుంది, కాపాడే శక్తి మాత్రం తక్కువ. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పారేయొద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. తడిపి, విప్పి, బయట ఆరేయండి. కొబ్బరి నూనె, ఆముదం రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవి ఎప్పటికీ ఆరవు, దుమ్మును పట్టి ఉంచుతాయి. ఆ తర్వాత ఏ పాలిష్ వేయాలన్నా ముందు ఆ జిడ్డుతోనే కుస్తీ.

అయితే ఏ వస్తువుకు ఏది? పందిరి మంచం, భోషాణం, చెక్కుడు పని ఉన్న బీరువా, దేవుడి మందిరం: లక్క, పైన మైనం. పడక కుర్చీకీ లక్కే. చేతులానే చోట చెమటకు త్వరగా పోతుంది, అక్కడి వరకు ఏడాదికోసారి రెండు పట్లు వేసుకుంటే సరి. ఉయ్యాల బల్ల మీద పిల్లలు తడి కాళ్లతో ఎక్కుతారు, కాబట్టి పలకకు పీయూ వేయించినా నేను తప్పుపట్టను. భోజనాల బల్లకైతే పైపలకకు మాత్రం మ్యాట్ (మెరుపు లేని) పీయూ, కాళ్లకూ అంచు చెక్కడాలకూ లక్క. ఒకే బల్లకు రెండు రకాలేమిటని పనివాడు విసుక్కుంటాడు, కానీ మ్యాట్ పక్కన మైనం రుద్దిన లక్క పెద్దగా తేడా కొట్టదు. వీధి గుమ్మం తలుపు ఎండావానల్లో ఉండేది, దానికి లక్క నిలవదు. బయటి వాడకానికి తయారయ్యే పూత ఏదైనా తీసుకోండి.

రంగు వేసిన పాత ఉయ్యాల తొట్టి దొరికితే మాత్రం ఎమరీ పేపర్ పట్టుకోకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదన్న నిబంధన మన దగ్గర 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో ఎంతుందో ఎవరికి తెలుసు? పొడి దుమ్ము లేపకుండా పెయింట్ రిమూవర్‌తో తీయించండి, ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి. కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి తీస్తామనే వాళ్లుంటారు. టేకు నల్లబడుతుంది, పాత బంక వేసిన కీళ్లు ఊడిపోతాయి.

ఆ కీళ్ల గురించి కూడా పనివాడికి ముందే చెప్పి పెట్టాలి. గాడి తొలిచి, కొస దూర్చి, వెదురు మేకుతో బిగించిన జోడింపు వదులైతే స్క్రూలు దించొద్దని చెప్పండి. జంతువుల తోలు, ఎముకలు మరిగించి తీసిన పాత బంక అయితే వేడి నీటికి మెత్తబడుతుంది, విప్పి శుభ్రం చేసి మళ్లీ అతికించవచ్చు. ఇత్తడి బందులూ గొళ్లాలూ విప్పేటప్పుడు పక్కన ఉండి లెక్కపెట్టుకోండి. ఇవన్నీ మాట్లాడుకున్నాక అడ్వాన్స్ ఇచ్చేముందు మూత అడుగున ఒక జానెడు మేర లక్క పాలిష్ చేసి చూపించమనండి. ఎండాకాలంలో, తీరికగా.