విలియం ఎస్. హార్ట్ 'టంబుల్‌వీడ్స్' డీవీడీ: ఆ ముందుమాట ఉందో లేదో చూసి కొనండి

పాత కౌబాయ్ సినిమాలంటే నాకు ప్రాణం. అందుకే మూకీల కాలపు అమెరికన్ కౌబాయ్ హీరో హార్ట్ ఆఖరి సినిమా 'టంబుల్‌వీడ్స్' (1925) ఆన్‌లైన్‌లో కనబడగానే 899 రూపాయలు పెట్టి తెప్పించాను. విజయనగరం రావడానికి 16 రోజులు పట్టింది, కవర్ మూల పగిలి ఉంది, డిస్క్ మీద మాత్రం గీత లేదు. అమ్మినవాళ్లకి రెండుసార్లు మెయిల్ పెట్టినా జవాబు రాలేదు.

1939లో ఈ సినిమాని మళ్లీ విడుదల చేసినప్పుడు హార్ట్ కెమెరా ముందు నిలబడి మాట్లాడిన ముందుమాట ఒకటుంది, అది లేని డిస్క్ మాత్రం కొనొద్దు. మూకీల హీరో, మనకి గొంతు వినిపించేది అక్కడ. 74 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని న్యూహాల్‌లో తన సొంత ర్యాంచ్‌లో (పశువుల క్షేత్రంలో), కౌబాయ్ వేషం వేసుకుని ప్రేక్షకుల దగ్గర సెలవు తీసుకుంటాడు. తన గుర్రాన్ని తలుచుకునేటప్పుడు ఆ గొంతు వింటే నాకు ఏడుపాగలేదు.

మా నాన్న కుర్రతనంలో పద్యనాటకాలు ఆడారు. రెండు వాక్యాలు వినగానే "ఈయన స్టేజీ మనిషిరా, ఆ విరుపు చూడు" అన్నారు. నిజమే, హార్ట్ ఏళ్ల తరబడి నాటకాలాడి, 1899లో 'బెన్ హర్' నాటకంలో విలన్ మెస్సాలా వేషం వేసి, 1914లో, యాభైకి దగ్గరపడ్డాక సినిమాల్లోకొచ్చాడు. వచ్చాక కూడా దుమ్ము పట్టిన మామూలు బట్టలే వేసుకున్నాడు, అమెరికా పశ్చిమాన మనుషులు ఎలా ఉండేవారో అలాగే చూపించాలని పట్టుబట్టాడు. జనం తళుకు దుస్తులు, సాహసాలు చూపించే మరో కౌబాయ్ హీరో టామ్ మిక్స్ వైపు మళ్లినా మారలేదు. నాకు ఆయనంటే గౌరవం అందుకే.

సినిమా సంగతికొస్తే, ప్రేమకథ సాగదీశారు, అరవై ఏళ్ల హీరోకి ఆ అమ్మాయి జోడీగా నప్పలేదు. కానీ 1893లో ఓక్లహోమాలోని చెరోకీ స్ట్రిప్‌లో, ముందు చేరినవాళ్లకే భూమి అంటూ జనం తీసిన పరుగు తెర మీద మొదలవగానే బళ్లు, గుర్రాలు ఒక్కసారి మైదానం మీద విరుచుకుపడతాయి, ఆ వెనకాల హార్ట్ ఒక్కడే గుర్రం మీద దూసుకుపోతాడు. ఈ రోజుకీ ఒళ్లు జలదరిస్తుంది. ప్రింట్ అక్కడక్కడ మసకగా ఉంది. మాటల కార్డులు ఇంగ్లీషులోనే ఉన్నాయి, నేను ఆపి ఆపి నాన్నకి తెలుగులో చెప్పాల్సొచ్చింది.

సినిమా అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే, ఆ ముసలాయన మాటలు మళ్లీ పెట్టమని. మూడుసార్లు పెట్టాను.