స్టోన్‌హెంజ్, లాకాక్ ఒకరోజు బస్సు టూర్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అమ్మానాన్నలు ఈ వేసవికి మా దగ్గరికి వచ్చారు. మేం ఉండేది రెడింగ్‌లో, కారు లేదు. అందుకని లండన్ నుంచి బయలుదేరే ఒకరోజు బస్సు టూర్ కొన్నాను. స్టోన్‌హెంజ్ (వలయంగా నిలబెట్టిన ప్రాచీన రాళ్ళు), లాకాక్ గ్రామం, బాత్ నగరం. మనిషికి 79 పౌండ్లు, ముగ్గురికి 237. ఆ డబ్బంతా నీళ్ళపాలైంది. తల్లిదండ్రుల కోసం మీలో చాలామంది ఇలాంటి టూర్లే వెతుకుతుంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రకటనలో పెద్ద అక్షరాలతో “స్టోన్‌హెంజ్ సందర్శన” అని ఉంది. ప్రవేశ టికెట్ విడిగా కొనుక్కోవాలన్న సంగతి షరతుల పేజీలో ఎక్కడో అడుగున ఉంది. నేను అంతవరకు చదవలేదు, అది నా పొరపాటే. అయితే టికెట్ కొని ఉన్నా ప్రయోజనం ఉండేది కాదని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

బస్సు ఏ303 రోడ్డు మీద పోతుండగా “కుడివైపు చూడండి, స్టోన్‌హెంజ్!” అని గైడు మైకులో చెప్పాడు. మా సీట్లు ఎడమవైపు. అమ్మ సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, అవతలి వరుసవాళ్ళ తలల మధ్యనుంచి తొంగిచూసేలోపు రాళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత సందర్శకుల కేంద్రం దగ్గర దింపి 45 నిమిషాలు ఇచ్చారు. ఆ కేంద్రం నుంచి రాళ్ళు కనిపించవు! అవి దాదాపు రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. షటిల్ బస్సు కోసం వరుసలో నిలబడాలి, దిగి చుట్టూ నడవాలి, మళ్ళీ అలాగే తిరిగి రావాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో రెండు గంటలైనా కావాలి. “తిరుపతి దాకా వెళ్ళి గాలిగోపురం చూసి వచ్చినట్టుందే” అంది అమ్మ.

లాకాక్ దగ్గర జరిగింది ఇంకా బాధాకరం. నాన్న తెనాలిలో ముప్పై ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపారు. ఈ టూర్ కొన్నదే ఆయన కోసం. 1835లో ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బట్, లాకాక్ ఆబీలోని (ఒకప్పటి మఠం, తర్వాత ఆయన ఇల్లు) ఒక కిటికీని తపాలా బిళ్ళంత కాగితం మీద పట్టాడు. నేటికీ మిగిలి ఉన్న ఫోటో నెగటివ్‌లలో అదే అతి పురాతనమైనది. ఆ కిటికీలోని రెండు వందల అద్దం ముక్కలను భూతద్దంతో లెక్కపెట్టవచ్చని టాల్బట్ ఆ నెగటివ్ పక్కనే రాసుకున్నాడు. ఇది చదివిన నాన్న, నెగటివ్‌లు దిద్దడానికి వాడిన తన పాత భూతద్దాన్ని తెనాలి నుంచి చొక్కా జేబులో పెట్టుకుని మరీ వచ్చారు. మాకు ఇచ్చిన సమయం 30 నిమిషాలు, అదీ ఊళ్ళో తిరగడానికి. ఆబీ టూర్‌లో లేదు. గేటు దగ్గర టికెట్లు అమ్మే అమ్మాయిని అడిగితే, ఇల్లంతా చూడటానికి అంత తక్కువ సమయం చాలదని ఆమే మంచిగా చెప్పింది. నాన్న ఏమీ అనలేదు. జేబు మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగారు.

అన్నిటికన్నా కోపం తెప్పించేది ఏమిటంటే, మేం తెల్లవారుజామున లేచి తూర్పున లండన్‌కు రైల్లో వెళ్ళి, అక్కడ బస్సెక్కి మళ్ళీ పడమరకే వచ్చాం. లాకాక్‌కు దగ్గరి స్టేషన్ చిపెన్‌హామ్. మా ఊరి నుంచి నేరుగా రైలు ఉంది, గంట కూడా పట్టదు. లండన్‌లో ఉండేవాళ్ళకు ప్యాడింగ్టన్ నుంచి ఉంది. చిపెన్‌హామ్ నుంచి లాకాక్ ఐదారు కిలోమీటర్లు, బస్సులో పావుగంట. ఇంగ్లండ్‌లో చాలా లోకల్ బస్సుల్లో 2025 నుంచి ఒకవైపు టికెట్ 3 పౌండ్లు దాటదు. ముగ్గురు కలిసి వెళ్తే రద్దీ లేని వేళల్లో గ్రూప్‌సేవ్ కింద రైలు టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. తర్వాతి మంగళవారం మేం అలాగే వెళ్ళాం. నాన్న ఆ కిటికీ ముందు నలభై నిమిషాలు నిలబడ్డారు. లెక్క మధ్యలో తప్పితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. తొందర పెట్టేవాళ్ళెవరూ లేరు.

స్టోన్‌హెంజ్‌కు కూడా ఇదే పద్ధతి. లండన్ వాటర్‌లూ నుంచి సాల్స్‌బరీకి రైల్లో గంటన్నర, అక్కడ స్టేషన్ ముందే రాళ్ళ దగ్గరికి వెళ్ళే బస్సు ఉంటుంది. ప్రవేశ టికెట్ ముందుగానే సమయం ఎంచుకుని కొనండి. మూసే వేళకు రెండు గంటల ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. మామూలు టికెట్‌తో తాడు ఇవతల నుంచే చూడాలి. రాళ్ళ మధ్యలోకి వెళ్ళాలంటే వేరే టికెట్ ఉంటుంది, అది మామూలు వేళలకు బయట మాత్రమే. తాకి చూడాలనుకుంటే, ఇలాంటి రాతి వలయమే ఉన్న ఏవ్‌బరీకి వెళ్ళండి. అక్కడ రాళ్ళ మధ్య ఉచితంగా తిరగవచ్చు.

ఇంత చెప్పినా టూరే కొంటామంటే, అమ్మేవాళ్ళకు రెండు ప్రశ్నలు రాసి పంపండి: ప్రవేశ టికెట్ కలిపి ఉందా, ఒక్కో చోట బస్సు దిగినప్పటి నుంచి ఎక్కేవరకు ఎన్ని నిమిషాలు? జవాబు రాతలోనే తీసుకోండి. తేదీ ఖరారైన ఇలాంటి వినోద యాత్రలకు ఇక్కడి 14 రోజుల రద్దు హక్కు వర్తించదు. సొంతంగా వెళ్ళేవాళ్ళు ఆదివారం బస్సులున్నాయో లేవో, తిరుగు బస్సు చివరిది ఎప్పుడో, ఆబీలో గదులు ఆ రోజు తెరిచి ఉంటాయో లేదో ముందే చూసుకోండి.

మా డబ్బు తిరిగి ఇవ్వమని రెండుసార్లు రాశాను. షరతుల్లో ఉందనే జవాబు వచ్చింది. ఇప్పుడు బ్యాంకుకు ఫిర్యాదు చేశాను. వాళ్ళు ఏం తేలుస్తారో తెలియగానే రాస్తాను.