ఈసీయూ పోయిందంటే: బాగుచేయించాలా, పాతది వెతకాలా, కొత్తది కొనాలా?

సెల్ఫ్ కొడుతుంది, బండి స్టార్ట్ కాదు. లేదంటే స్టార్ట్ అయి, వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతుంది. రెండు మూడు సెన్సర్లు మార్చి చూశాక మెకానిక్ తల గోక్కుంటూ "ఈసీయూ పోయినట్టుందండీ" అంటాడు. ఈసీయూ అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పెట్టె. అప్పుడు మన ముందు మూడు దారులుంటాయి. ఉన్న పెట్టెనే బాగుచేయించడం, తుక్కుకు వెళ్లిన బండిలోంచి తీసిన సెకండ్ హ్యాండ్ పెట్టె తెచ్చుకోవడం, కంపెనీది కొత్తది తెప్పించడం. నా ఓటు ముందే చెప్పేస్తున్నా. పాత పెట్టెలో మెమరీ బతికుంటే బాగుచేయించడమే మేలు. అయితే ఈ మూడింటి జోలికీ పోకుండా బయటపడే బళ్లు చాలా ఉంటాయి. అందుకే ముందు ఆ సంగతి.

నా పాత కారుకి ఒకసారి ఈసీయూ మార్చారు. వారం రోజులు భేషుగ్గా నడిచి, మళ్లీ అదే జబ్బు. చివరికి దొరికిన దొంగ బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన ఎర్త్ వైరు, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి. బోల్టు బిగుతుగానే ఉంది, విప్పి చూస్తే మాత్రం దాని కింద తెల్లటి పొడి. గరుకు కాగితంతో రుద్ది బిగించగానే మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. మరి ఆ వారం ఎలా నడిచిందంటే, పెట్టె మార్చేటప్పుడు ఆ వైరు కాస్త కదిలింది, అంతే.

ఈ తప్పు పట్టుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మల్టీమీటర్ని డీసీ వోల్టులకు తిప్పి, ఒక కొన బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఈసీయూకి వైర్లు తగిలే కప్లర్‌లో ఎర్త్ పిన్నుకి ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే పెట్టెను అనుమానించే ముందు ఆ వైరు చూసుకోవాలి. కొందరు ఓమ్స్‌లో చూసి సరిపోయిందంటారు, అది నమ్మొద్దు. ఒకే ఒక్క పోగు మిగిలిన తీగ కూడా మీటర్లో ఇంచుమించు సున్నాయే చూపిస్తుంది. కరెంటు లాగినప్పుడే దాని బండారం బయటపడేది. ఈసీయూకి వచ్చే ప్లస్ లైన్లు, మెయిన్ రిలే, ఫ్యూజులు కూడా ఇలాగే లోడు మీద చూడాలి.

రెండో దొంగ 5 వోల్టుల లైను. సెన్సర్లకి ఈ 5 వోల్టులు ఇచ్చేది ఈసీయూయే. ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయితే, అదే లైను పంచుకునే మిగతావి కూడా పడిపోయి, స్కానర్‌లో ఒకదానితో ఒకటి పొంతన లేని తప్పుల కోడ్లు పదీపన్నెండు వస్తాయి. చూసేవాడికి పెట్టెకే మతి పోయిందనిపిస్తుంది. సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడండి. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగొస్తాయో అదే దోషి. వేడెక్కాక ఆగి, చల్లారాక లేచే బండిలోనూ నా మొదటి అనుమానం ఇంజిన్ తిరుగుడును ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సర్ మీదే. ఈసీయూ బోర్డులో టంకం పగిలినా లక్షణం అచ్చం అలాగే ఉంటుంది కానీ, సెన్సర్ పోవడం ఎక్కువ, మార్చడం తేలిక.

ఇక స్కానర్ ఈసీయూతో అసలు మాట్లాడకపోతే, బ్యాటరీ వైరు విప్పి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. క్యాన్ లైన్లు (బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్ల జత) నేరుగా ఆ సాకెట్‌కి వచ్చే బళ్లలో 60 దగ్గర ఉండాలి. 120 చూపిస్తే రెండు చివర్లలో ఒకటి తెగినట్టు. మాట్లాడి, పీ0601, పీ0604, పీ0606 లాంటి కోడ్లిస్తే అవి పెట్టె తన గురించి తాను చెప్పుకునే ఫిర్యాదులు: మెమరీ లెక్క తప్పింది, ర్యామ్ పాడైంది, ప్రాసెసర్ సరిగా లేదు అని. వాటిని కూడా బ్యాటరీ నిండుగా ఉండి, చెరిపేశాక మళ్లీ వస్తేనే నమ్ముతాను. పీ0603 అయితే బ్యాటరీ విప్పినా పలకరించొచ్చు.

ఇవన్నీ దాటాక కూడా పెట్టెదే తప్పని తేలిందనుకుందాం. ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. ఈసీయూ బల్బు కాదు, పాతది తీసి కొత్తది పెట్టి స్విచ్చి వేయడానికి. అందులో బోర్డు ఒకటి, ఆ ఇంజిన్‌కి రాసిన ప్రోగ్రాం ఒకటి, ఆ కారు గుర్తింపు ఇంకొకటి. ఛాసిస్ నంబరు, తాళంలోని చిప్‌తో కుదిరిన ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో బండి లేవనివ్వని దొంగతనం అడ్డు) లెక్క ఆ మూడోదాంట్లోనే ఉంటాయి. మూడు దారుల్లో ఏది మేలన్నది చాలావరకు దీని దగ్గరే తేలిపోతుంది.

బాగుచేయిస్తే ఆ గుర్తింపు చెక్కుచెదరదు. పెట్టె వెనక్కి వచ్చాక బిగించి, తాళం తిప్పడమే. పాడయ్యేవి కూడా తరచూ చిన్నవే: కాయిల్‌నో ఇంజెక్టర్‌నో నడిపే ట్రాన్సిస్టర్ కాలడం, టంకం చిట్లడం, 1990ల నాటి బళ్లయితే కెపాసిటర్లు కారి కింద రాగి గీతల్ని తినేయడం. కష్టమల్లా జిగురు లాంటి జెల్ నింపి, సిరామిక్ పలక మీద వెంట్రుకంత తీగలతో అతికించిన రకం పెట్టెలతోనే. వాటిని తెరవడానికే చాలామంది జంకుతారు. బాగుచేసినవాడు ఏ భాగం పోయిందో చెప్పలేకపోతే నాకు నమ్మకం కుదరదు. కాయిల్ ట్రాన్సిస్టర్ కాలిందని చెబితే ఆ కాయిల్‌ని కూడా చూడాలి. షార్ట్ అయిన కాయిల్‌ని అలాగే ఉంచితే బాగైన పెట్టెనీ కాల్చేస్తుంది, కొత్త పెట్టెనీ కాల్చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ పెట్టెలో తిరకాసంతా తాళం దగ్గరే. పెట్టె మీది నంబరు చివరి అక్షరం దాకా కలిసినా, ఇంకో కారు గుర్తింపు అందులో ఉంటుంది కాబట్టి చాలా బళ్లు ఒకటి రెండు సెకన్లు నడిచి ఆగిపోతాయి, కొన్ని అసలు లేవవు. దీనికి మందు క్లోనింగ్: పాత పెట్టెలోని మెమరీ మొత్తం చదివి రెండోదాంట్లో రాయడం. మరి క్లోనింగ్‌కి పాతదాని మెమరీ చదవడానికి రావాలి కదా! అది వస్తోందంటే చాలాసార్లు పెట్టె బాగయ్యే స్థితిలోనే ఉన్నట్టు. అందుకే సెకండ్ హ్యాండ్ గెలిచేది ఒక ఇరుకు సందులోనే. బోర్డు బాగుచేయలేనంతగా కాలి, మెమరీ చిప్ మాత్రం బతికున్నప్పుడు. క్లోనింగ్ కుదరని చోట దాత బండి నుంచే ఈసీయూ, ఇమ్మొబిలైజర్, తాళం మూడూ జతగా తెచ్చుకోవడం గుడ్డిలో మెల్ల. ఏ బండిదో మాత్రం అడగండి. గుద్దుకున్న బండిదైతే ఫర్వాలేదు, నీట మునిగిన బండిదైతే ఊరికే ఇచ్చినా వద్దు.

కొత్తది తెచ్చేస్తే చింత లేదనుకుంటారు గానీ, అది ఖాళీ పలక. ప్రోగ్రాం ఎక్కించాలి, ఛాసిస్ నంబరు రాయాలి, తాళాలు నేర్పాలి, థ్రాటిల్ సర్దాలి. చాలా కామన్ రైల్ డీజిల్ బళ్లలో ఒక్కో ఇంజెక్టర్ మీద ఉన్న కోడ్ కూడా ఎక్కించాలి. ప్రోగ్రాం ఎక్కేటప్పుడు బ్యాటరీ పడిపోతే కొత్త పెట్టె అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. అందుకే నిలకడగా వోల్టేజీ ఇచ్చే ఛార్జర్ తగిలించకుండా మొదలుపెట్టే చోట బండి వదలకండి. ఇన్ని తిప్పలున్నా వారంటీలో ఉన్న బండికి, మెమరీయే చచ్చిన పెట్టెకి, లోపలికంతా నీళ్లు పోయిన పెట్టెకి కొత్తదే దిక్కు.

నీళ్లంటే మా బావ కారు గుర్తొస్తోంది. నాలుగు స్క్రూలు విప్పి, సీలెంట్ కోసి మూత లేపితే, దువ్వెన పళ్లలా ఉన్న పిన్నుల వరసలో ఒక మూల రెండు పిన్నుల చుట్టూ ఆకుపచ్చ చిలుము. మిగతా బోర్డంతా తళతళలాడుతోంది. అది బాగై వచ్చింది. తెచ్చిన రోజే బిగించేద్దామన్నాడు బావ. "ఆగు బావా" అని, ఖాళీ చోటు కింద పాత పేపరు పరిచి, ముందు అద్దం మీద బకెట్ నీళ్లు పోశాను. రెండు నిమిషాలకి సరిగ్గా ఈసీయూ ఉండే చోట పేపరు మీద టపటపమని చుక్కలు. అద్దం కింద నీళ్లు పోయే దారి ఎండుటాకులతో పూడుకుపోయింది. కప్లర్ వైర్లలోకి కూడా తడి పాకింది. ఆకులు తోడి, కప్లర్‌ని స్ప్రేతో కడిగి, ఆరబెట్టి, మర్నాడు బిగించాం.